మెట్ల మీద కాసేపు

మీకు బాగా ఇష్టమైన కట్టడం ఏదండీ అని ఎవరైనా అడిగితే తాజ్‌మహల్ అనో, రామప్ప గుడి అనో, చార్మినార్ అనో చెప్పడం మర్యాద. అడిగినవాళ్ళకి తృప్తిగా వుంటుంది, చెప్పినవాళ్ళకి గౌరవంగానూ వుంటుంది. ఆ మధ్య ఒక సాహిత్య సభ అయ్యాక భోజనాల దగ్గర ఈ ప్రశ్నే వచ్చింది. నా పక్కన కూర్చున్న కవిగారు ఒక్క క్షణమైనా తడుముకోకుండా "మా తాతగారి మండువా ఇల్లు" అన్నారు. అని, పప్పన్నం కలపడం ఆపి, కళ్ళు సగం మూసుకుని వర్ణించడం మొదలెట్టారు. మండువాలో కురిసే వాన, స్తంభానికి ఆనుకుని చదువుకున్న పుస్తకాలు, వీధి అరుగు మీద తాతగారి పడక్కుర్చీ, ఆ కుర్చీ చుట్టూ ఊరి పెద్దలు, లోపల్నించి ఎప్పుడడిగితే అప్పుడొచ్చే కాఫీ. అందరూ ఆహా అన్నారు. నేనూ అన్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు సుమండీ, నా మీదే.

ఎందుకంటే నా మొదటి నవలలో నేను కట్టిన ఇల్లూ అదే. కోనసీమలో మా అమ్మమ్మగారి ఇంటిని ఉన్నదున్నట్టు దింపేశాను. మండువాలో వెన్నెల పోశాను, ఉయ్యాలబల్ల వేశాను, కథానాయికని ఆ ఉయ్యాల మీద కూర్చోబెట్టి చేతికో పుస్తకం ఇచ్చాను. పాఠకులు బోలెడు ఉత్తరాలు రాశారు. "మా బాల్యం కళ్ళకు కట్టింది" అన్నారు. నేను పొంగిపోయి ఆ ఉత్తరాలన్నీ మా అమ్మకి చదివి వినిపించాను. అమ్మ శనగపప్పు ఏరుకుంటూ అంతా విని, "బాగానే రాశావే. ఆ మండువా ఎవరు కడిగారో రాయలేదేం?" అంది.

నవల మీద వచ్చిన సమీక్షలన్నీ మర్చిపోయాను గానీ ఆ ఒక్క ముక్క ఇప్పటికీ గుచ్చుకుంటూనే వుంది.

అలాగని మండువా ఇంటిని తక్కువ చేసి మాట్లాడితే కళ్ళు పోతాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఆ ఇళ్ళు కట్టిన మేస్త్రీలు ఏ కాలేజీలో చదివారు కనక? నాలుగు పక్కలా కప్పు లోపలికి వాలుగా దించి, నడిమధ్య ఆకాశానికి చోటు వదిలేశారు. వేసవిలో ఇంట్లో వేడెక్కిన గాలి ఆ దారినే పైకి పోతుంది. వీధిలోకి పెద్ద కిటికీలు పెట్టకుండానే ఇల్లంతా వెలుగొస్తుంది. నాలుగు చూరుల నీళ్ళూ పల్లంగా వున్న మండువాలోకి దిగి, తూములోంచి పోతాయి. వానాకాలం గంగాళం పెడితే చాలు, నుయ్యి దాకా వెళ్ళక్కర్లేదు. ఇంత తెలివైన ఇల్లు ఇవాళ లక్షలు పోసినా కట్టించుకోలేం.

ఆ తెలివంతా ఎవరి సుఖానికి ఖర్చయిందీ అన్నదే నా పేచీ. గాలీ వెలుతురూ మండువా చుట్టూ వున్న వసారాల్లో ఆగిపోయాయి. వంటిల్లు వెనకెక్కడో, తాటాకు పాకలాంటి పంచలో, జానెడు కిటికీతో వుండేది. కట్టెపొయ్యి పొగ పోవడానికి పెంకుల సందులే గతి. మా అమ్మమ్మకి కళ్ళెప్పుడూ ఎర్రగానే వుండేవి. చిన్నప్పుడు నేను అమ్మమ్మల కళ్ళు అలాగే వుంటాయి కాబోలు అనుకునేదాన్ని.

ఇక వీధి అరుగు. మా అమ్మమ్మ ఆ ఇంట్లో యాభై ఏళ్ళకి పైగా కాపరం చేసింది. తెల్లవారుజామున చీకటితో లేచి ఆ అరుగులు అలికేది, వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టేది, ఊరు లేచేలోపు లోపలికి వచ్చేసేది. అంతే. మళ్ళీ రోజంతా అటు పోదు. ఎవరింటికైనా వెళ్ళాలన్నా దొడ్డిదారే. ఆవిడ ఆ అరుగు మీద ఊరికే కూర్చోగా నేనొక్కసారి కూడా చూళ్ళేదు. పెళ్ళికూతురుగా ముందు గుమ్మంలోంచి కుడికాలు పెట్టి వచ్చింది. తన ఇల్లు ముందునుంచి ఎలా వుంటుందో తీరిగ్గా చూసింది బహుశా ఆ ఒక్కరోజే. అప్పుడూ తల వంచుకునే వుండి వుంటుంది.

మన కథల్లో, నవలల్లో, సినిమాల్లో మండువా ఇల్లు ఎప్పుడూ అరుగు మీదనుంచే కనిపిస్తుంది. రచయిత వీధిలో నిలబడి చూస్తాడు, లేదా మండువాలో పడుకుని చూస్తాడు. వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఆ ఇంటిని చూసినవాళ్ళు తక్కువ. దాన్నే తెలుగుదనం అని పేరుపెట్టి మెచ్చుకుంటున్నాం. విమర్శకులు మెచ్చుకుంటే సరే, వాళ్ళలో చాలామంది కాఫీ అందుకున్నవాళ్ళే. కాఫీ ఇచ్చిన చేతులున్న నేనూ అలాగే రాశానే అన్నదే నా బాధ.

అందుకని, నాకిష్టమైన కట్టడం ఏదని ఇప్పుడెవరైనా అడిగితే కోఠీ ఉమెన్స్ కాలేజీ అని చెబుతాను. వినగానే కొందరు నవ్వుతారు. "తెల్లదొర కొంపా?" అంటారు. నిజమే, దొర కొంపే. హైదరాబాదులో 1798 నుంచి 1805 దాకా ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా వున్న జేమ్స్ అఖిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ అది. నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్. డబ్బు మాత్రం నిజాముది. దీని మీదో కథ చెబుతారు. మొదట నక్షాని పేద్ద కాగితం మీద గీయించి తీసుకెళ్తే నవాబుగారు చూసి వీల్లేదన్నారట. అదే నక్షాని చిన్న అట్టముక్క మీద గీసి తీసుకెళ్తే, ఓస్ ఇంతేనా అని ఒప్పుకున్నారట. కథ నిజమో కాదో గానీ, అప్పు పత్రాల మీద సంతకాలు పెట్టే మన మగవాళ్ళని చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

కట్టడంగా చూస్తే దానికి డాబు ఎక్కువ. ఎత్తయిన మెట్లు, మెట్లకి అటూ ఇటూ రెండు రాతి సింహాలు, పైన తలెత్తి చూస్తే గానీ కొస కనపడని స్తంభాలు. ఇటలీ పల్లాడియో పద్ధతిలో ఆ రోజుల్లో ఇంగ్లండులో జమీందార్లు కట్టుకున్న భవంతుల పోలికే. లోపల దర్బారు హాలు రెండంతస్తుల ఎత్తు. వచ్చినవాడు మెట్లెక్కుతూ ఎక్కుతూనే సగం చిన్నబోవాలి, పైకి చేరేసరికి దొర ఏమన్నా సరేననాలి. కట్టించినవాళ్ళ ఉద్దేశం అదీ. ఇందులో నాకేమీ మొహమాటం లేదు. ఒక నవలని మెచ్చుకోవాలంటే రచయిత ఉద్దేశాన్ని మెచ్చుకోనక్కర్లేదు కదా. అతను అనుకున్నదొకటి, పుస్తకం చేసింది మరొకటి అయిన సందర్భాలు సాహిత్యంలో ఎన్ని లేవు!

ఈ కట్టడం చేసింది ఏమిటంటే, 1949లో దీన్ని ఆడపిల్లల కాలేజీకి ఇచ్చేశారు. అంతకుముందు పాతికేళ్ళుగా, 1924 నుంచి, ఆ కాలేజీ వేరేచోట నడిచింది. ఏ మెట్లు మనుషుల్ని చిన్నబుచ్చడానికి కట్టారో ఆ మెట్ల మీద అప్పట్నించీ ఆడపిల్లలు కారేజీలు విప్పుకుని కూర్చున్నారు. నేను చదివింది 1998 నుంచి 2001 దాకా. చరిత్ర, రాజనీతి, తెలుగు సాహిత్యం. మూడేళ్ళు ఎక్కి దిగాను గానీ ఆ మెట్లు ఎన్నో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. నా లెక్క వేరు. పైనుంచి మూడో మెట్టు, ఎడమ సింహం వైపు. అదీ నా చోటు.

అక్కడ కూర్చుని ఏం చేసేవాళ్ళం అంటే ఏమీ చేసేవాళ్ళం కాదు. అదే గొప్ప. పాతబస్తీ నుంచి వచ్చే పిల్లలు బురఖా మడతపెట్టి సంచీలో పెట్టుకుని, జడ విప్పుకుని మళ్ళీ అల్లుకునేవాళ్ళు. నల్గొండ నుంచి, పాలమూరు నుంచి వచ్చిన హాస్టలు పిల్లలు ఇంటి ఉత్తరాలు పైకి చదివి వినిపించేవాళ్ళు. కోనసీమ యాసతో వచ్చిన నన్ను మొదట ఏడిపించారు, తర్వాత నాకు ఉర్దూ నేర్పించారు. గోంగూర పచ్చడి అటు పోయేది, ఖీమా ఇటు వచ్చేది. మా ఇంట్లో తెలిస్తే ఏమయ్యేదో గానీ తెలియలేదు. ఇప్పుడు తెలుస్తుంది.

మీరెప్పుడైనా గమనించారా, మన ఊళ్ళల్లో ఆడపిల్ల పనేమీ లేకుండా కూర్చోడానికి ఎంత చోటుందో? బస్‌స్టాపులో పది నిమిషాలు దాటితే చూపులు మొదలవుతాయి. పార్కు బెంచీ మీద ఒంటరిగా కూర్చుంటే ఎవరికోసమో చూస్తోందంటారు. కాఫీ హోటల్లో మా రోజుల్లో 'ఫ్యామిలీ' అని రాసిన తెర వెనక్కి పంపేవారు. గుళ్ళో ప్రసాదం అయిపోయాక లేవాల్సిందే. వీధి అరుగు సంగతి చెప్పనే చెప్పాను. ఒక కట్టడం మంచిదో కాదో తేల్చడానికి నా దగ్గరున్న గీటురాయి ఇది: పనిలేని మనిషిని, అందులోనూ ఆడమనిషిని, అది కూర్చోనిస్తుందా?

ఇదే గీటురాయి మీద గీస్తే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి నా దగ్గర తక్కువ మార్కులే వచ్చాయి. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ రంగు గ్రానైటు భవనం, బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ ప్రతిభ, అజంతా ఎల్లోరాల స్తంభాలకి మసీదు కమానులతో వియ్యం కుదిర్చిన తీరు, అన్నీ ఒప్పుకుంటాను. అయినా దాని ముందు నిలబడ్డప్పుడల్లా నాకు హాజరు పిలుస్తున్నట్టే వుంటుంది. అక్కడ చదివినవాళ్ళు నా మీద విరుచుకుపడతారు, పడనివ్వండి. వాళ్ళకీ ఒక మూడో మెట్టు వుండే వుంటుంది.

పూర్తి మార్కులు తెచ్చుకున్న మరో కట్టడం వుంది, దాని ఫొటో ఎవరూ కార్డుల మీద అచ్చెయ్యరు. మా కాలేజీ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో సుల్తాన్ బజార్లో వున్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. 1901లో కొమర్రాజు లక్ష్మణరావుగారూ, రావిచెట్టు రంగారావుగారూ, మునగాల రాజావారూ పూనుకుని పెట్టిన గ్రంథాలయం. తెలుగు పుస్తకానికి నిజాం రాజ్యంలో చోటు ఇరుగ్గా వున్న కాలం అది. ఆ బజార్ల మీద అధికారం అప్పుడు రెసిడెంటుగారిది, అందుకని కాస్త ఊపిరాడేది. అంటే తెల్లదొర కొంప నీడ ఆ రకంగానూ మనకి పనికొచ్చిందన్నమాట. వాసిరెడ్డి సీతాదేవిగారినీ, రంగనాయకమ్మగారినీ, మాలతీ చందూర్‌గారినీ నేను చదువుకున్నది అక్కడే. యద్దనపూడిగారి నవలల్లో మేడ మెట్లు దిగొచ్చే నాయకుల్ని చూసి నిట్టూర్చిందీ అక్కడే. ఆ భవనం గొప్పదనం గురించి నాలుగు వాక్యాలు రాయమంటే రాయలేను. బల్ల, కుర్చీ, గోడ మీద పెద్దల పటాలు. కానీ సాయంత్రం దాకా కూర్చున్నా "ఏమ్మా, ఎవరి కోసం?" అని అడిగినవాళ్ళు లేరు.

మళ్ళీ రెసిడెన్సీకి వస్తాను. అక్కడ మా మెట్లకన్నా నన్ను ఎక్కువ పట్టుకున్న వస్తువు ఒకటుంది. భవనం వెనక, ఒకప్పుడు జనానా వున్న వైపు, అదే భవనానికి ఓ బుల్లి నమూనా. స్తంభాలూ అవీ అన్నీ వున్న బొమ్మరిల్లు. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు పెద్దింటి అమ్మాయి ఖైరున్నీసాని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ ఘోషాలో వుండేది, భవనం ముందు వైపుకి వచ్చి చూసే వీల్లేదు. అందుకని తన ఇల్లు ముందునుంచి ఎలా వుంటుందో చూపించడానికి భర్త ఆ నమూనా కట్టించాడని చెప్పుకుంటారు. నేను బి.ఏ. ముగించిన మరుసటేడు, 2002లో, విలియం డాల్రింపుల్ వీళ్ళిద్దరి కథ మీద 'వైట్ మొగల్స్' అని పెద్ద పుస్తకం రాశాక ప్రపంచమంతా అది గొప్ప ప్రేమకథ అంది. ప్రేమ కాదనను. ఘోషా పద్ధతి ఆ కాలానిది, ఆయన చేతుల్లో లేదనీ ఒప్పుకుంటాను. కానీ ఆ పుస్తకం మూసేశాక నాకు మిగిలింది ప్రేమ కాదు. 1805లో పిల్లలిద్దర్నీ ఓడెక్కించి ఇంగ్లండు పంపారు. అదే ఏడు భర్త కలకత్తాలో పోయాడు. పిల్లల్ని ఆ తల్లి మళ్ళీ చూడలేదు. 1813లో తనూ పోయింది. ఆవిడ వున్న రంగమహల్‌ని 1860 ప్రాంతంలో, తర్వాత వచ్చిన రెసిడెంటు పడగొట్టించాడు. దర్బారు హాలు నిలిచింది, సింహాలు నిలిచాయి. 1857లో తుర్రెబాజ్ ఖాన్ మనుషులు దాడి చేస్తేనే చెక్కుచెదరని ఆవరణలో ఆడవాళ్ళ ఇల్లు మాత్రం దొరగారి ఒక్క మాటతో పోయింది.

ఆ కథ పుస్తకంలో చదవకముందే, ముక్కలు ముక్కలుగా మా లెక్చరరుగారి నోట వినేవున్నాను. నేను రెండో ఏడు చదువుతుండగా అమ్మమ్మని కంటి శుక్లాల ఆపరేషన్‌కి హైదరాబాదు తీసుకొచ్చారు. కట్టు విప్పి, నల్లద్దాలు ఇచ్చి, పదిరోజులు ఇంట్లో వుండమన్నారు. అమ్మమ్మకి తోచడం లేదు. ఒక సెలవురోజు వాచ్‌మన్‌తో ముందే చెప్పుకుని, ఆటోలో కాలేజీకి తీసుకొచ్చాను. నా చదువు ఎక్కడ జరుగుతోందో చూపించాలని ఉబలాటం. గేటు దాటి చెట్ల మధ్యనుంచి వచ్చి భవనం ముందు నిలబడ్డాం. నల్లద్దాలు నుదుటి మీదికి తోసి అమ్మమ్మ చాలాసేపు చూసింది.

"ఇంత పెద్ద అరుగా!" అంది.

మెట్లు ఎక్కలేదని భయపడ్డాను గానీ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఎక్కింది. పైనుంచి మూడో మెట్టు దగ్గర ఆయాసం వచ్చి ఆగింది. కూర్చో అమ్మమ్మా అన్నాను. అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. "ఇక్కడా? ఎవరైనా ఏమైనా అంటారేమోనే" అంది. ఎవరూ ఏమీ అనరు, ఇది మాదే అన్నాను. చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చుంది. కాసేపయ్యాక కాళ్ళు కింది మెట్టు మీదికి చాపుకుంది. ఇంకాసేపటికి వీపు వెనక మెట్టుకి ఆన్చింది. మా ఇంట్లో నేనెప్పుడూ అమ్మమ్మని అలా వాలి కూర్చోగా చూళ్ళేదు. ఎదురుగా చెట్ల మీద కాకులు గోల చేస్తున్నాయి. ఓ అరగంట అలాగే వున్నాం. నేను కిర్క్‌పాట్రిక్ గురించీ, నిజాము గురించీ, ఘోషాలో వున్న ఖైరున్నీసా గురించీ, బొమ్మరిల్లు గురించీ చెప్పుకొచ్చాను. పరీక్షకి చదివినట్టు గడగడా అప్పజెప్పాను. అన్నీ విని అడిగింది:

"అన్నీ చెప్పావు గానీ, వంటిల్లెక్కడే?"

నాకు తెల్లమొహం పడింది. "వెనకాల ఆడవాళ్ళ ఇల్లొకటి వుండేదిట అమ్మమ్మా, దాన్ని పడగొట్టేశారట" అన్నాను.

"అంతేలే. ముందు అవే పడగొడతారు" అంది.

ఆ మాట కిర్క్‌పాట్రిక్ గురించి కాదని నాకు తెలుసు. అంతకు రెండేళ్ళ ముందే మా మావయ్యలు ఇల్లు వాటాలు పంచుకున్నారు. మండువా మధ్యనుంచి గోడ లేచింది. వెనక వంటిల్లు ఎవరి వాటాలోకి రావాలన్న తగువు తెగక, దాన్ని విప్పేసి కలపా పెంకులూ అమ్మేశారు. యాభై ఏళ్ళు వండిన చోటు. మా పెద్ద మావయ్య ఇప్పటికీ ఆ ఇంటి గురించి చెబుతూ అరుగులు అమ్ముకున్నందుకే కన్నీళ్ళు పెట్టుకుంటాడు.

రెసిడెన్సీ ఆ తర్వాత బాగా శిథిలమైంది. ప్రమాదంలో వున్న కట్టడాల కోసం వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వేసే జాబితాకి ఎక్కింది, ఏళ్ళ తరబడి మరమ్మతు జరిగింది, 2023లో మళ్ళీ తలుపులు తెరిచారు. కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. ఆ తర్వాత దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. సింహాల పక్కన, దొర మెట్ల మీద, పాలకుర్తి ఐలమ్మ పేరు! విస్నూరు దేశ్‌ముఖ్‌తో తన నాలుగెకరాల పంట కోసం తలపడిన మనిషి. ఈ ఒక్క పేరు పెట్టినందుకు ఆ శామ్యూల్ రసెల్ గీసిన నక్షాలో ఎన్ని తప్పులున్నా క్షమించేస్తాను.

మొన్నామధ్య మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. తెల్లగా సున్నం వేసి, గోడలు బాగుచేసి, పెళ్ళికూతుర్ని చేశారు. మా అమ్మాయి సెల్‌ఫోను పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తోంది. మొత్తం భవనం, రెండు సింహాలూ, అన్ని స్తంభాలూ ఒక్క ఫొటోలో పట్టాలని దాని తాపత్రయం. నేను ఎక్కి, పైనుంచి మూడో మెట్టు మీద, ఎడమ సింహం వైపు కూర్చున్నాను.

"అమ్మా, నువ్వు కాస్త పక్కకి జరుగు. బిల్డింగ్‌కి అడ్డొస్తున్నావు" అని అరిచింది.

నేను కాళ్ళు కింది మెట్టు మీదికి చాపుకున్నాను.